టేప్ డ్రైవ్ పోలేదు: సాయం చేసిన అందరికీ కృతజ్ఞతలు

బ్యాకప్‌లు దాచుకునే ఎల్‌టీఓ టేపుల సంగతి తెలిసినవాళ్లు హైదరాబాద్‌లో ఎవరైనా ఉన్నారా అని అడిగితే స్పందించిన అందరికీ ధన్యవాదాలు. పని అయింది. పాత సినిమా ఎం అండ్ ఈ ట్రాకు, అంటే మాటలు తీసేసి సంగీతం, సౌండ్ ఎఫెక్టులు మాత్రమే ఉండేది, టేపులోంచి క్షేమంగా బయటపడింది. హిందీ డబ్బింగ్ వాళ్లకు నిన్ననే పంపేశాం.

కృష్ణానగర్‌లో మాది చిన్న సౌండ్ స్టూడియో. సర్వర్‌లో ఉన్న ఆపరేటింగ్ సిస్టమ్ సెంటోస్ 7కి 2024 జూన్ 30తో సపోర్ట్ ఆగిపోయింది కాబట్టి దాని బదులు రాకీ లైనక్స్ 8 వేయించాం. అన్నీ పనిచేశాయి, టేప్ డ్రైవ్ తప్ప. లైట్ వెలుగుతుంది, టేపు పెడితే మింగుతుంది, సిస్టమ్‌లో మాత్రం అయిపు ఉండదు. చూడటానికొచ్చిన సర్వీసాయన డ్రైవ్ పోయిందని తేల్చి, కొత్తదానికి కొటేషన్ చేతిలో పెట్టి వెళ్లాడు. ఆ రేటు ఇక్కడ రాయను, మీకూ నిద్ర పట్టదు.

ఈసీఐఎల్ దగ్గరుండే రిటైర్డ్ ఇంజనీరు గారు పేరు రాయొద్దన్నారు. ఫోన్‌లో ఆయన మొదటి మాట, "బాబూ, ముందు టేపు బయటికి తీసి, అంచున ఉన్న చిన్న మీటను తాళం గుర్తు వైపు జరుపు. చదవడం అయ్యేదాకా దాని మీద ఒక్క అక్షరం రాయకూడదు." ఆ తర్వాతే మిగతా కథ విన్నారు. మర్నాడు స్వయంగా వచ్చారు కూడా.

డ్రైవ్‌ని ఆయన ముట్టుకోనే లేదు. డ్రైవ్‌ని సర్వర్‌కు కలిపే సాస్ కార్డు సిస్టమ్ జాబితాలో కనిపిస్తోంది, దాని కింద డ్రైవర్ (కార్డుని నడిపే సాఫ్ట్‌వేర్) పేరు లేదు. కార్డులో ఉన్నది పాత చిప్, మోడల్ నంబరు 2008 (సంవత్సరం కాదు). రెడ్ హ్యాట్ 8లో ఆ చిప్‌ని డ్రైవర్ జాబితాలోంచి తీసేశారు, దాన్ని చూసి తయారయ్యే రాకీ కూడా అదే దారి. నైట్ షిఫ్ట్ మధ్యలో కూడా ఎల్‌రెపోలో (ఇలాంటి అదనపు డ్రైవర్లు ఉంచే సైటు) దొరికే డ్రైవర్ ప్యాకేజీ పేరు పంపిన మాదాపూర్ చెల్లెమ్మకు ప్రత్యేకంగా థ్యాంక్స్. అది వేసి రీబూట్ చేయగానే డ్రైవ్ కనిపించింది.

సంబరపడేలోపే ఇంకో ఎర్రర్, మెమరీ కేటాయించలేనని. మేం ర్యామ్ చూడబోతుంటే పెద్దాయన నవ్వారు. టేపు మీద బ్లాకు, అంటే ఒక్కసారిగా రాసిన ముక్క, పెద్దది, మనం చదువుతున్న సైజు చిన్నది, అప్పుడు కూడా ఇదే ఎర్రర్ వస్తుందట. డీడీ అనే కాపీ కమాండుతో ఒక మెగాబైట్ సైజు ఇచ్చి ఒకే ఒక్క బ్లాకు ఫైల్లోకి తీయించారు. ఫైల్ సైజు చూస్తే 2,62,144 బైట్లు, అంటే 256 కేబీ. టేపులోంచి ఫైళ్లు తీసే టార్ కమాండు తనంతట తాను చదివేది 10 కేబీ చొప్పునే. బ్లాకింగ్ ఫ్యాక్టర్ (బ్లాకులో 512 బైట్ల ముక్కలు ఎన్నో చెప్పే అంకె) 512 ఇవ్వగానే ఫైళ్ల పేర్లు బిలబిలా వచ్చాయి. పాత బ్యాకప్ స్క్రిప్టులో ఆ అంకె ఉండేదేమో, రాసిన కుర్రాడు ఎప్పుడో బెంగళూరు వెళ్లిపోయాడు.

మొదట్లో కేబుల్ మీద అనుమానంతో వెళితే, సికింద్రాబాద్ సీటీసీలో (కంప్యూటర్ షాపుల కాంప్లెక్స్) షాపు అన్న తన దగ్గరున్నది ఇచ్చి "చూసుకుని తెచ్చియ్యిండి" అన్నారు, పైసా తీసుకోలేదు. ముందుముందు ఈ తిప్పలు లేకుండా, కొత్త 3008 చిప్ ఉన్న కార్డు ఆయన దగ్గరే ఆర్డర్ చెప్పాం. దానికి కనెక్టర్ వేరు, కేబులూ మార్చాలట. అన్నా, ఈసారి డబ్బులు తీసుకోవాల్సిందే.