ఏ స్టాంపులు ఉంచుతున్నాను, ఏవి ఇచ్చేస్తున్నాను

హైదరాబాద్
ఆదివారం

అమ్మలూ,

ఆశీస్సులు. ఇక్కడ అందరం కులాసా. నాన్నకు మోకాలి నొప్పి తగ్గి పొద్దున నడకకు మళ్ళీ వెళ్తున్నారు. సామాను సర్దడం మొదలుపెట్టాం. వంటింటి అటక, పుస్తకాల బీరువా అయిపోయాయి.

మొన్న ఫోనులో "స్టాంపులు ఒక్కటి కూడా ఎవరికీ ఇవ్వకమ్మా, అన్నీ నేను తీసుకుంటాను" అన్నావు. ఆ మాట అన్నందుకు సంతోషించాను. కానీ జవాబు రెండు ముక్కల్లో చెప్పేది కాదు, అందుకే ఈ ఉత్తరం. నల్లకుంట ఇల్లు వదిలి ఫ్లాట్‌లోకి వెళ్తున్నాం కాబట్టి చోటు చాలక ఇచ్చేస్తున్నానని నువ్వు అనుకున్నట్టున్నావు. స్టాంపులు పెట్టుకునే స్టాక్ బుక్కులన్నీ కలిపినా బీరువాలో ఒక అరకు మించవు. చోటుతో పని లేదు. ఏ తపాలా బిళ్ళ ఎక్కడి నుంచి వచ్చిందో, దేని పక్కన దేన్ని ఎందుకు పెట్టానో ఇప్పటికి నాకు మాత్రమే తెలుసు. భూతద్దం పట్టుకుని కూర్చునే ఓపిక ఉండగానే ఆ లెక్క నేను తేల్చాలి. తేల్చకుండా అంతా నీకు అప్పజెబితే, అమ్మ దాచింది కదా అని ఒక్కటీ తీయలేవు, దేన్ని చూడాలో తెలియక ఏదీ చూడవు. నీ ఇంట్లో అది బరువుగా మిగలడం నాకు ఇష్టం లేదు. తమ్ముడు "నాకు వీటి మీద ఆసక్తి లేదమ్మా" అని నేరుగా చెప్పేశాడు. అలా చెప్పడమే నాకు నచ్చింది.

తేలికగా తేలినవి ముందు చెబుతాను. అజ్మాన్, ఫుజైరా, ఉమ్ అల్ క్వైన్ అని పేర్లున్న పెద్ద పెద్ద రంగుల బిళ్ళలు నీకు గుర్తుండే ఉంటాయి. రాకెట్లు, పూలు, చిత్రకారుల బొమ్మలు. 1960ల చివర, 70ల మొదట్లో ఆ చిన్న గల్ఫ్ రాజ్యాల పేరు మీద బయటి ఏజెంట్లు కుప్పలు కుప్పలుగా అచ్చు వేయించారు. సేకరించే వాళ్ళకు ప్యాకెట్లలో అమ్మడమే వాటి పని. ఒకటి తీసి తిప్పి చూడు. ముందు వైపు మూలన నల్లటి ముద్ర చక్కగా, గుండ్రంగా ఉంటుంది. వెనక వైపు జిగురు తడి తగలకుండా మెరుస్తూ ఉంటుంది. ముద్ర పడ్డాక కూడా జిగురు అలా ఉందంటే ఆ బిళ్ళ ఏ కవరూ ఎక్కలేదు, ముద్ర వేసే అమ్మకానికి పంపారు. తూర్పు యూరప్ దేశాల బిళ్ళల్లోనూ ఈ రకం చాలా ఉంది.

ఇవన్నీ మన వీధి చివరి ప్రభుత్వ బడికి ఇస్తున్నాను. వాటి విలువ గురించి పిల్లలకు అబద్ధం చెప్పను. కానీ హెల్వెటియా అంటే స్విట్జర్లాండ్ అని, సువోమి అంటే ఫిన్లాండ్ అని, మగ్యార్ అంటే హంగరీ అని, దేశం పేరే వేయని బిళ్ళ బ్రిటన్‌దని నువ్వు నేర్చుకున్నది వీటితోనే. అట్లాసు ముందు పెట్టుకుని గంటలు గంటలు కూర్చునేదానివి. ఆ పని ఇంకో పిల్ల చేతుల్లో ఇప్పుడూ చేస్తాయి. ఒక్కొక్కరికీ చిన్న కవరులో వేసి ఇస్తాను. కట్టగా ఇస్తే టీచరు గది అలమారాలో పడి ఉంటాయి.

తర్వాత మన దేశం ఫస్ట్ డే కవర్లు, అంటే బిళ్ళ విడుదలైన రోజు ముద్రతో వచ్చే కవర్లు, వాడని బిళ్ళలు. చాలావరకు అబిడ్స్ జీపీఓలో సేకర్తలకు బిళ్ళలు అమ్మే ఫిలాటెలిక్ బ్యూరోలో కొన్నవే. అప్పట్లో ధర పెరుగుతుందని ఊరంతా దాచారు. అందరి ఇళ్ళలోనూ అవే ఉన్నాయి కాబట్టి ధర పెరగలేదు. వీటిలో 1974 వీరేశలింగం, 1975 ప్రపంచ తెలుగు మహాసభల బిళ్ళ, 1976 గురజాడ, 1986 అల్లూరి సీతారామరాజు, ఇలా మన భాషకూ మన నేలకూ సంబంధించినవి ఒక పలుచని పుస్తకంలోకి మార్చాను. మిగతావి తీసేస్తున్నాను. రెండేసి మూడేసి ఉన్న ఐదు రూపాయల బిళ్ళలను ఉత్తరాలకు వాడుకోవడం మొదలుపెట్టాను. ఈ కవరు మీద అంటించినవి అవే. ముద్ర సరిగా పడి నీకు చేరితే చింపకుండా కత్తెరతో తెరువు.

ఇంతవరకు నిద్ర చెడలేదు. గాంధీజీ బిళ్ళల దగ్గరకు వచ్చేసరికి కొన్ని రోజులు ఆగిపోయాను. 1948 ఆగస్టు 15న, ఆయన పోయిన ఏడాదే, నాలుగు బిళ్ళలు తెచ్చారు. అణాన్నర, మూడున్నర అణాలు, పన్నెండు అణాలు, పది రూపాయలు. స్విట్జర్లాండ్‌లో కూర్వాజియే అనే ముద్రణ సంస్థ అచ్చువేసిన బిళ్ళలు. నా దగ్గర మొదటి మూడే ఉన్నాయి. పది రూపాయలది నా జీతంలో ఎప్పుడూ అందలేదు, పైగా దానికి నకిలీలు ఎక్కువ. మూడున్నర అణాలది వంగపండు రంగులో ఉంటుంది. వెలుతురులో కాస్త వంచి చూస్తే ముఖం మీద నీడ మెత్తగా, పొడి అద్దినట్టు కనిపిస్తుంది. అంత మంచి అచ్చు మన బిళ్ళల్లో తక్కువ.

నా మొత్తం సేకరణలో బజారు ధర ఎక్కువ పలికేవి ఇవే. ఆల్బమ్‌లో అంటించడానికి వెనక పెట్టే హింజ్ అనే కాగితపు ముక్క పెట్టకుండా, జిగురు చెడకుండా ఉన్నాయి. డీలర్లు ముఖం చూడకముందే వీపు చూస్తారు, వీటి వీపు శుభ్రంగా ఉంది. అయినా వీటిని ఇచ్చేయాలని నిర్ణయించాను. ఆ బిళ్ళలు వచ్చిన రోజుకు హైదరాబాద్ ఇంకా భారతదేశంలో కలవలేదు, సెప్టెంబరులో కలిసింది. మన ఇంటికి వచ్చిన ఏ ఉత్తరం మీదా ఇవి లేవు. ఎంతో ముచ్చటపడి కొనుక్కున్నాను, ఇన్నేళ్ళు కంటి నిండా చూసుకున్నాను. మంచి సేకర్తల దగ్గర దేశమంతటా ఉన్నవే నా దగ్గరా ఉన్నాయి. నా చేతిలో వీటికి కొత్తగా కలిసింది ఏమీ లేదు. మనకు తెలిసిన ఒక కుర్రాడు గాంధీజీ బిళ్ళలే సేకరిస్తాడు, ఏ దేశం వేసినవైనా. అతని ఆల్బమ్‌లో ఈ పేజీ ఖాళీగా ఉండటం నేను చూశాను. ధర ఇద్దరం కూర్చుని తేల్చుకున్నాం. బజారు కంటే కొంత తక్కువే. నాన్నకు అది కాస్త కష్టంగా ఉంది, నాకు లేదు.

ఇక ఉంచుతున్నవి, అవన్నీ హైదరాబాద్ సంస్థానానివి.

సంస్థానం 1869లోనే సొంతంగా బిళ్ళలు వేసుకుంది. అంత పాతవి నా దగ్గర లేవు. నా పుస్తకం 1931 బొమ్మల సెట్టుతో మొదలవుతుంది. అణాకు చార్మినార్, రెండు అణాలకు హైకోర్టు, నాలుగు అణాలకు ఉస్మాన్ సాగర్, ఎనిమిది అణాలకు అజంతా గుహల ద్వారం, పన్నెండు అణాలకు బీదర్ మదరసా, రూపాయికి దౌలతాబాద్ మినార్. ఇవి వరుసగా ఒకే పేజీలో ఉంటేనే నాకు ఇష్టం. అజంతా, దౌలతాబాద్ ఇప్పుడు మహారాష్ట్రలో, బీదర్ కర్ణాటకలో ఉన్నాయి. మీ తాతయ్యకు అవన్నీ ఒకే రాజ్యం, ఒకే తపాలా. మొన్న ఒక వ్యాపారి వచ్చి ఎనిమిది అణాల అజంతా ఒక్కటీ ఇమ్మన్నాడు. మంచి ధరే చెప్పాడు. ఇవ్వను అన్నాను. ఆ ఒక్కటి పోతే మిగిలినవి ఉత్త పాత బిళ్ళలు. ఆరు కలిసి ఉన్నప్పుడే అది ఆనాటి దేశపటం.

1937లో నిజాం పాలన రజతోత్సవానికి వేసిన నాలుగు కూడా అంతే. యునానీ దవాఖానా, ఉస్మానియా దవాఖానా, ఉస్మానియా విశ్వవిద్యాలయం, జూబ్లీ హాలు. నువ్వు చదివిన ఆర్ట్స్ కాలేజీకి బస్సులో వెళ్ళేటప్పుడు వీటిలో ఎన్ని దాటేదానివో ఒకసారి తలుచుకో. 1947లో వచ్చిన టౌన్ హాలు బిళ్ళ మీది భవనమే పబ్లిక్ గార్డెన్స్‌లో మన శాసనసభ అయింది. ఆ వెంట పవర్‌హౌస్, వరంగల్ కోట కాకతీయ తోరణం, గోల్కొండ వచ్చాయి. ఆ తోరణాన్ని ఈరోజు తెలంగాణ చిహ్నంలో చూస్తున్నాం. మూడు అణాల బిళ్ళ మీద అది ఎంత సన్నగా చెక్కారో భూతద్దంతో చూపిస్తాను.

అన్నిటి కంటే ముఖ్యం మీ తాతయ్య కవర్లు. వాటిలో ఒకటి నువ్వు బాగా చూడాలి. ఔరంగాబాద్‌లో ఉద్యోగం చేస్తుండగా 1949లో హనుమకొండకు నాయనమ్మకు రాసింది. లేత గోధుమ రంగు కవరు, కుడి మూల అణా నాలుగు పైల పవర్‌హౌస్ బిళ్ళ. చిరునామా ఉర్దూలో, లోపలి ఉత్తరం తెలుగులో. ఆ రోజుల్లో వాళ్ళు బడిలో చదివింది ఉర్దూ, ఇంట్లో మాట్లాడింది తెలుగు. ముద్ర బిళ్ళ మీద సగం, కవరు మీద సగం పడింది. సంస్థానం 1948 సెప్టెంబరులోనే భారతదేశంలో కలిసిపోయింది. నిజాం బిళ్ళలు మాత్రం 1950 వరకు ఉత్తరాల మీద నడిచాయి. ఆ మధ్యకాలంలో మామూలు మనుషుల బతుకు ఎలా సాగిందో ఈ కవరు చెబుతుంది. ప్రభుత్వం మారింది, చేతిలో బిళ్ళ పాతదే, లోపల తాతయ్య అడిగింది వానల ముందు ఇంటి పెంకులు మార్పించారా అని.

బజారులో దీనికి పెద్ద ధర రాదు. బిళ్ళ అరుదైనది కాదు, కవరు అంచు నలిగింది. బిళ్ళను నీళ్ళలో నానబెట్టి తీసి శుభ్రంగా పుస్తకంలో పెట్టుకోమని సలహా ఇచ్చినవాళ్ళు ఉన్నారు. నా తర్వాత ఎవరు చెప్పినా ఆ పని చేయవద్దు. తీస్తే ముద్ర రెండు ముక్కలవుతుంది, ఊరి పేరు కవరు మీద, తేదీ బిళ్ళ మీద ఉండిపోతాయి. లామినేషన్ కూడా వద్దు. సెల్లో టేపు అసలే వద్దు, దాని జిగురు కొన్నేళ్ళకు కాగితంలోకి దిగి పసుపు మరక కడుతుంది. ఒక్కో కవరుకూ బటర్ పేపర్ చుట్టి నిలువుగా పెట్టాను. వానాకాలం అయ్యాక ఒకసారి పెట్టె తెరిచి నీడలో గాలి తగలనివ్వాలి. తేమ చేరితే గోధుమ రంగు చుక్కలు వస్తాయి, ఒకదాని నుంచి పక్కదానికి పాకుతాయి. అలాంటిది కనిపిస్తే ఆ ఒక్కటీ వేరే పెట్టు.

అల్లుడుగారు అన్నిటినీ స్కాన్ చేసి ఉంచుదామన్నారు. చేయించండి, మంచిదే. జాబితాకు పనికొస్తుంది.

అంటే చివరికి నీ కోసం మిగిలేవి ఒక పుస్తకం, ఒక కవర్ల పెట్టె, ఆ పలుచని తెలుగు పుస్తకం. ఇవి తీసుకోవాలని నిర్బంధం ఏమీ లేదు. ఏడాదికి ఒకసారైనా తెరుస్తాను అనుకుంటే తీసుకో. వద్దనిపిస్తే మొహమాటపడకుండా చెప్పు, నేను నొచ్చుకోను. సెట్లు విడగొట్టకుండా, కవర్లు కోయకుండా మొత్తం తీసుకునే మంచి సేకర్తను నేనే వెతుకుతాను. తాతయ్య ఉత్తరాలను మాత్రం అప్పుడు జిరాక్స్ తీయించి నీకూ తమ్ముడికీ పంపుతాను.

ఒక్కటి నేను తేల్చలేనిది ఉంది, అది నీదే. మూడో తరగతిలో నువ్వు చేసిన జంతువుల ఆల్బమ్. పాత లెక్కల నోటు పుస్తకంలో, అన్నం మెతుకులతో అంటించావు. పులులు ఒక పేజీ, ఏనుగులు ఒక పేజీ, "ఏమో తెలియదు" అని రాసి ఒక పేజీ. మెతుకులకు కొన్ని చోట్ల పురుగు తిన్నది, బిళ్ళలు వెనక నుంచి పలచబడ్డాయి. సేకర్తలు దాని వైపు కన్నెత్తి చూడరు. అది బడి పిల్లలకు వెళ్ళే కట్టలో వేయలేదు, నా పెట్టెలోనూ పెట్టలేదు, విడిగా నా బల్ల మీద ఉంది. నీకు కావాలా, మన పిల్లకు ఇవ్వాలా, విడదీసి బాగున్న బిళ్ళలు బడికి ఇచ్చేయాలా, నువ్వే చెప్పాలి. సామాను లారీ వచ్చే శనివారం. శుక్రవారం లోపు ఫోను చెయ్యి.

పిల్లకు ముద్దులు. అల్లుడుగారిని అడిగానని చెప్పు.

అమ్మ