వార్షిక నివేదిక: న్యూరోబ్లాస్టోమా పరిశోధన, చికిత్స

గౌరవ సభ్యులకు నమస్కారం.

ఈ ఏడాది సమావేశాలన్నింటిలోనూ సభ్యుల నుంచి ఒక ప్రశ్న పదే పదే వచ్చింది. జబ్బు పేరు ఒకటే అయినప్పుడు, ఒక బిడ్డకు మందు ఇవ్వకుండా గమనిస్తూ ఊరుకుని, మరో బిడ్డకు ఏడాదికి పైగా కఠినమైన చికిత్స ఎందుకు చేస్తారన్నదే ఆ ప్రశ్న. సంఘం వెలువరించిన చిన్న పుస్తకం ప్రధానంగా దీనికి సమాధానంగానే రూపొందింది.

పిండదశలో నాడీకణాలుగా ఎదగవలసిన కణాలు మధ్యలోనే ఆగిపోయి గడ్డగా పెరగడం వల్ల న్యూరోబ్లాస్టోమా అనే ఈ పిల్లల క్యాన్సర్ వస్తుంది. ఇది ఎక్కువగా మూత్రపిండం పైనుండే అడ్రినల్ గ్రంథిలో కనిపిస్తుంది. కొందరు పసిపిల్లల్లో కాలేయానికీ చర్మానికీ పాకిన తర్వాత కూడా గడ్డలు వాటంతట అవే కరిగిపోతాయి. ముందుగా కనిపెడితే మేలన్న ఆశతో జపాన్‌లో ఆరు నెలల శిశువులందరికీ మూత్రపరీక్షలు చేశారు. అయితే ఇటువంటి పరీక్షల వల్ల మరణాలు తగ్గలేదని కెనడాలోని క్యూబెక్, జర్మనీ అధ్యయనాలు 2002లో తేల్చాయి. వాటిలో బయటపడినవి చాలావరకు తమంతట తగ్గిపోయే గడ్డలే కావడంతో, చికిత్స అవసరం లేని పిల్లలు కూడా శస్త్రచికిత్సకు గురయ్యారు. ఆ తర్వాత జపాన్ కూడా ఆ కార్యక్రమాన్ని ఆపివేసింది. దీనికి భిన్నంగా, దాదాపు 20 శాతం గడ్డల్లో ఎమ్‌వైసీఎన్ అనే జన్యువు ప్రతులు విపరీతంగా పెరిగి ఉంటాయి. అవి వేగంగా ముదురుతాయి. అందువల్ల వైద్యులు వయసు, వ్యాప్తితో పాటు గడ్డ జన్యుస్వభావాన్ని కూడా చూసిన తర్వాతే చికిత్స మోతాదు నిర్ణయిస్తారు.

తీవ్రమైన ముప్పు ఉన్న పిల్లలకు కీమోథెరపీ, శస్త్రచికిత్స, సొంత మూలకణాల మార్పిడి, రేడియేషన్ అయ్యాక క్యాన్సర్ కణాల మీద ఉండే జీడీ2 అనే పదార్థాన్ని గురిచేసే యాంటీబాడీ (రోగనిరోధక ప్రోటీన్) మందు ఇస్తారు. 2010లో వెలువడిన పరీక్షలో ఈ పద్ధతి వల్ల రెండేళ్లపాటు జబ్బు తిరగబెట్టకుండా నిలిచిన వారి శాతం 46 నుంచి 66కు పెరిగింది. ఆ జీడీ2 నొప్పిని మోసే నరాల మీద కూడా ఉండటం వల్ల మందు ఎక్కుతుండగా బిడ్డకు తీవ్రమైన నొప్పి వస్తుంది. అందుకే యాంటీబాడీ కంటే ముందే మార్ఫిన్ వంటి మందు డ్రిప్ మొదలుపెడతారు. ఈ సంగతి ముందుగా తెలియక తల్లిదండ్రులు భయపడుతున్నందున, దీనిని పుస్తకంలో మొదటి పేజీలోనే చేర్చాము.

జబ్బు తిరగబెట్టే ముప్పు తగ్గించడానికి 2023 డిసెంబరులో అమెరికా ఆమోదించిన ఎఫ్లోర్నితిన్ మాత్రల గురించి కూడా ఎందరో అడిగారు. ఆ ఆమోదానికి ఆధారం మందు వాడినవారిని పాత రోగుల వివరాలతో పోల్చిన అధ్యయనమే తప్ప, లాటరీ పద్ధతిలో రెండు జట్లుగా విడదీసి చేసిన పరీక్ష కాదు. కాబట్టి దానిని ఆశాజనకమని రాశామే గాని ఖాయమని రాయలేదు.

కీమోథెరపీలో వాడే సిస్ప్లాటిన్ మందు వల్ల కలిగే వినికిడి లోపాన్ని వచ్చే ఏడాది చర్చకు తీసుకుంటున్నాము. దానిని తగ్గించే సోడియం థయోసల్ఫేట్‌కు అమెరికాలో 2022లో లభించిన అనుమతి ఇతర అవయవాలకు పాకని గడ్డలకే పరిమితం. మన పిల్లల్లో అధికశాతం జబ్బు పాకినవారే కావడంతో ఆ పరిధిలోకి రారు కనుక, వారి వినికిడిని ఎంత తరచుగా పరీక్షించాలో, మోతాదు ఎప్పుడు మార్చాలో వైద్యుల నుంచి స్పష్టంగా తెలుసుకుని సభ్యులకు అందజేస్తాము.

ఇట్లు,
కార్యవర్గం