రేడియోలో ఆ గొంతు రాజుది కాదు
యుగోస్లావియా రాజు రెండో పీటర్ మీద మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసం, జర్మనీతో ఒప్పందం చేసుకున్న ప్రభుత్వాన్ని సైన్యం కూల్చేసిన 1941 మార్చి 27 తిరుగుబాటును ఆయనే నడిపించినట్టు రాయడం తప్పు. అప్పటికి ఆయనకు పద్దెనిమిదేళ్లు కూడా నిండలేదు. ఆ పొద్దున రాజు పేరిట రేడియోలో ప్రకటన చదివింది ఆయన గొంతును అనుకరించిన ఒక నౌకాదళ అధికారి, అసలు రాజు ఆ మాటలు అందరిలాగే రేడియోలో విన్నాడు. పది రోజులకే రాజధాని బెల్‌గ్రేడ్ మీద జర్మన్ బాంబులు పడ్డాయి, కుర్రాడు గ్రీసు, జెరూసలేం, కైరో మీదుగా లండన్ చేరాడు. 1944లో లండన్‌లో జరిగిన ఆయన పెళ్లికి సగం పేజీ ఇచ్చారు, సరే, మరి 1945 నవంబరు 29న రాచరికమే రద్దయిన సంగతికి, 1970లో అమెరికాలో పోయిన మనిషి అవశేషాలు 2013లో గానీ సొంతగడ్డ సెర్బియా చేరలేదన్న సంగతికి ఒక్క వాక్యం చోటు దొరకలేదా? పదో తరగతి చదివే మా అమ్మాయి ఆ వ్యాసం చదివి, అట్లాస్ ముందేసుకుని అరగంట వెతికింది. యుగోస్లావియా ఎక్కడా లేదు. ఎలా ఉంటుంది, ఆ దేశమే ఇప్పుడు లేదు కదా! ఇలాంటి వ్యాసాల పక్కన అప్పటి మ్యాపు, ఓ నాలుగు తేదీలు వేయండి, ఈ తప్పుకు సవరణ కూడా అదే పేజీలో, కనబడేంత అక్షరాల్లో వేయండి.