నేను రాజీనామా చేయలేదు, మిల్లు మీరు మూశారు

గుంటూరు,
18 నవంబర్ 2024

మేనేజింగ్ డైరెక్టర్ గారికి,

విషయం: రాజీనామా పత్రం మీద సంతకం అడగడం మాని, మిల్లు మూసివేత పరిహారం, గ్రాట్యుటీ, పీఎఫ్ బకాయిలు చెల్లించడం గురించి.

అయ్యా,

నేను మీ స్పిన్నింగ్ మిల్లులో 2006 జూన్ నుంచి రింగ్ ఫ్రేమ్ సైడర్‌గా, అంటే నూలు వడికే మిషన్ల మీద తెగిన దారాలు అతికే పనిలో ఉన్నాను. పోయిన వారం మీ హెచ్‌ఆర్ ఆఫీసర్ గారు గేటు ఎదురుగా టీ బంకు దగ్గర బల్ల వేసుకుని కూర్చుని, వచ్చినవాళ్లందరికీ ఒక కాగితం ఇచ్చారు. అది ఇంగ్లీషులో ఉంది. ఇంటికి తీసుకెళ్తానంటే మొదట ఒప్పుకోలేదు. గట్టిగా అడిగాక ఇచ్చారు. డిగ్రీ చదువుతున్న మా అమ్మాయి చేత చదివించుకున్నాను. సొంత కారణాల వల్ల నేనే ఉద్యోగం మానేస్తున్నాననీ, కంపెనీ నుంచి నాకు రావలసింది ఇంకేమీ లేదనీ అందులో ఉంది. నా పేరు రాసుకోవడానికి ఖాళీ వదిలారు గానీ తేదీకి మాత్రం వదల్లేదు. సెప్టెంబర్ 30 అని ముందే టైపు చేసి ఉంచారు. సంతకం పెడితే పాతిక వేలు ఇస్తారట.

ఆ సంతకం నేను పెట్టను.

సెప్టెంబర్ 30న నేను పని మానేస్తే అక్టోబర్ 11న బి షిఫ్టులో నా ఫ్రేముల మీద తెగిన దారాలు అతికింది ఎవరు? ఆ రోజు మధ్యాహ్నం ఆయుధ పూజ చేశాం. ఫ్రేములన్నీ తుడిచి, పసుపు కుంకుమ పెట్టి, బంతిపూల దండలు వేశాం. మేనేజర్ గారు గుమ్మడికాయ కొట్టి, అందరికీ లడ్డూ, బూందీ ప్యాకెట్లు పంచి, సోమవారం ఉదయం ఆరింటికి మామూలుగా రమ్మన్నారు. సోమవారం వస్తే గేటుకి తాళం. ఉత్పత్తి నిరవధికంగా నిలిపివేశామని రెండు ముక్కల నోటీసు అంటించి ఉంది. కింద ఎవరి సంతకమూ లేదు. మా టిఫిన్ బాక్సులు, చెప్పులు, కొందరి పీఎఫ్ కాగితాలు ఇంకా లోపల లాకర్లలోనే ఉన్నాయి. పండగ నాడు మిషన్లకు దండం పెట్టించి, మూడో రోజున మమ్మల్ని రోడ్డు మీద నిలబెట్టారు. మూసేసే సంగతి శుక్రవారం నాటికే మీకు తెలుసు కదండీ. ఒక్క మాట చెప్పి ఉంటే పండక్కి అప్పు చేసి బట్టలు కొనేవాళ్లం కాదు.

నష్టాలొచ్చాయని అంటున్నారు. నష్టాలు రాలేదని నేను అనను. 2022లో పత్తి క్యాండీ (356 కిలోలు) ధర లక్ష రూపాయలు దాటినప్పుడు మూడో షిఫ్టు ఎత్తేశారు. కరెంటు బిల్లు భారమైందన్నారు. నూలు గోడౌన్లో పేరుకుపోవడం మేమూ చూశాం. ఓవర్‌టైం పోయినా, జీతం పదో తారీకు నుంచి ఇరవయ్యో తారీకుకి జరిగినా ఎవరం నోరెత్తలేదు. మిల్లు నడిస్తే చాలనుకున్నాం. అయితే 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం ఈ విషయంలో సూటిగానే ఉంది. ఆర్థిక ఇబ్బందులు, నష్టాలు, అమ్ముడుపోని సరుకు, ఇవి ఉన్నంత మాత్రాన యాజమాన్యం చేతిలో లేని పరిస్థితి అనిపించుకోవు. కాబట్టి ఆ పేరు చెప్పి పరిహారం తగ్గించడానికి వీల్లేదు. పైగా యాభై మందికి తక్కువ కాకుండా పనిచేసే చోట, మూసేయడానికి కనీసం 60 రోజుల ముందు ప్రభుత్వానికి నోటీసు ఇవ్వాలి. ఇచ్చి ఉంటే దాని కాపీ చూపించండి.

మీ కాగితం ఎందుకు పుట్టిందో నాకు లెక్క వేశాక అర్థమైంది. మిల్లు మూతపడితే పనిచేసిన ఏడాదికి 15 రోజుల సగటు జీతం చొప్పున పరిహారం, దాని మీద నోటీసు కాలానికి ఒక నెల జీతం ఇవ్వాలి. నా బేసిక్, డీఏ కలిపి 13,000. పద్దెనిమిదేళ్లకు పరిహారమే సుమారు 1,17,000 రూపాయలు అవుతుంది. నేనే మానేశానని రాసిస్తే మీకు ఆ ఖర్చు ఉండదు. గ్రాట్యుటీ వేరే. 13,000ని 26తో భాగించి, 15తో, మళ్లీ 18తో హెచ్చిస్తే 1,35,000 రూపాయలు. రాజీనామా చేసినవాళ్లకైనా ఐదేళ్లు నిండితే ఇవ్వాల్సిందే అది. ముప్పై రోజుల్లో ఇవ్వాలి, దాటితే వడ్డీతో ఇవ్వాలి. ఆ గడువు దాటిపోయింది. ఇంకొకటి, ఫ్యాక్టరీ మూతపడి పని పోయినవాళ్లకు ఈఎస్‌ఐ (కార్మికుల బీమా) నుంచి నిరుద్యోగ భృతి ఉంది. తనంతట తాను మానేసినట్టు కాగితం మీద ఉంటే అదీ చేజారుతుంది. ఇన్ని పోగొట్టే కాగితానికి మీరు కట్టిన వెల పాతిక వేలు.

అన్నిటికన్నా నా మనసుకు కష్టమైంది పీఎఫ్ సంగతి. ప్రతి నెలా జీతంలోంచి 1,560 రూపాయలు కోసినట్టు పే స్లిప్పుల్లో ఉంది. పాస్‌బుక్ తీయించి చూస్తే మే నెల జీతం తర్వాత ఒక్క ఎంట్రీ లేదు. కోసిన డబ్బు ఎక్కడికి పోయింది? మీ వాటా కట్టలేకపోయామంటే ఇబ్బందుల్లో ఉన్నారనుకోవచ్చు. మా వాటా మీ డబ్బు కాదు. మా చేతికి రాకముందే మా జీతంలోంచి తీసిన డబ్బు అది. దాన్ని కట్టకుండా ఉంచుకోవడం క్రిమినల్ నేరం కిందికి వస్తుందని మీ అకౌంట్స్ వాళ్లకు తెలియదంటే నేను నమ్మను.

సంతకాలు పెట్టినవాళ్లు కూడా ఉన్నారు. పత్తి ఏకే కార్డింగ్ విభాగంలో పనిచేసే ఒక అన్న, కొడుకు ఫీజు గడువు తెల్లారితే అయిపోతుందని పెట్టాడు. ఏం రాసుందో అతనికి ఎవరూ చదివి చెప్పలేదు. అలాంటి కాగితాలు చూపించి అందరూ ఇష్టపడి వెళ్లిపోయారని ఎక్కడా చెప్పకండి. అవి వెనక్కి ఇచ్చేయండి. వాళ్లకు ఇచ్చిన పాతిక వేలు రావలసిన మొత్తంలో మినహాయించుకోండి, ఎవరూ కాదనరు.

కాబట్టి నేను అడిగేది ఇది. మిల్లు మూసివేత వల్లే నా ఉద్యోగం పోయిందని, చివరి పనిదినం అక్టోబర్ 11 అని రాసి సర్వీసు సర్టిఫికెట్ ఇవ్వండి. ఏ కొత్త మిల్లుకు వెళ్లినా మొదట అడిగేది అదే. పరిహారం, నోటీసు జీతం, వడ్డీతో గ్రాట్యుటీ, అక్టోబర్‌లో పనిచేసిన రోజుల జీతం లెక్క కట్టి తెలుగులో కాగితం ఇచ్చి, బ్యాంకులో వేయండి. జూన్ నుంచి పీఎఫ్ కట్టి, మా ఖాతాల్లో పని మానిన తేదీ సరిగ్గా నమోదు చేయించండి. పోయిన ఆర్థిక సంవత్సరం బోనస్‌కి ఈ నవంబర్ 30తో గడువు తీరుతుంది, అదీ ఇవ్వాలి. లాకర్లు తెరిపించి మా సామాన్లు మాకు ఇప్పించండి. దీనికి మాత్రం గడువు ఎందుకు, రేపే చేయొచ్చు.

పదిహేను రోజుల్లో రాతపూర్వకంగా జవాబు రాకపోతే కార్మిక శాఖలో క్లెయిమ్ వేస్తాను, పీఎఫ్ కార్యాలయంలో పాస్‌బుక్, పే స్లిప్పులు జతచేసి ఫిర్యాదు ఇస్తాను. మీ హెచ్‌ఆర్ ఆఫీసర్ గారు ఇచ్చిన కాగితం సంతకం లేకుండా నా దగ్గరే ఉంది. దాని జిరాక్స్ ఈ లేఖకు జతచేశాను.

ఇట్లు,
రింగ్ ఫ్రేమ్ సైడర్, స్పిన్నింగ్ విభాగం

ప్రతులు: కార్మిక శాఖ కార్యాలయం, గుంటూరు, పీఎఫ్ ప్రాంతీయ కార్యాలయం, గుంటూరు