చుక్కలకు ముందే కనుపాప చూడాలి
చాలా కంటి శిబిరాల్లో టార్చి వేసి చూడకుండానే కనుపాపను పెద్దది చేసే చుక్కలు వేసేస్తున్నారు. దాంతో ముదిరిన సిఫిలిస్ (లైంగికంగా సోకే సుఖవ్యాధి) ఆనవాలు చేజారుతోంది. ఆ జబ్బు నాడీమండలానికి పాకితే కనుపాపలు చిన్నవై, అంచులు వంకరపోతాయి. వెలుగు పడినా ముడుచుకోవు, దగ్గరి వస్తువును చూస్తే మాత్రం ముడుచుకుంటాయి. 1869లోనే ఎడిన్‌బర్గ్ వైద్యుడు ఆర్గైల్ రాబర్ట్‌సన్ వర్ణించిన లక్షణమిది. పెన్సిలిన్‌తో మరింత నష్టం ఆపగలిగే రోగిని ఇలా వదిలేయడం బాధాకరం. మధుమేహంలోనూ ఇలాంటి తీరు కనిపించవచ్చు కనుక రక్తపరీక్ష తప్పదు. సిఫిలిస్‌కు మామూలుగా చేసే వీడీఆర్‌ఎల్ రక్తపరీక్ష ఒక్కటే చాలదు, ముదిరిన దశలో అది నెగెటివ్ రావచ్చు. సిఫిలిస్‌కే చేసే మరో రక్తపరీక్ష టీపీహెచ్‌ఏ కూడా చేయించాలి. మసక గదిలో రోగిని దూరంగా చూడమని టార్చి వేయడం, ఆపై ముఖానికి జానెడు దూరంలో వేలు చూపడం, ఫలితాన్ని ఓపీ చీటీలో రాయడం చుక్కలకు ముందే జరిగేలా వైద్య ఆరోగ్యశాఖ ఆదేశాలివ్వాలి.