ఆడపిల్లల మరుగుదొడ్డికి తాళం తీయించండి, మంత్రిగారూ

తమిళనాడు పాఠశాల విద్యాశాఖ మంత్రిగారికి నమస్కారం.

పిల్లలు నీళ్లు తాగాలని గుర్తుచేయడానికి బళ్లలో వాటర్ బెల్ కొట్టిస్తున్నారు, సంతోషం. మరి తాగిన నీళ్లు పోయడానికి పిల్లలు ఎక్కడికెళ్లాలయ్యా?

మా పాప ఆరో తరగతి. వాళ్ల బడిలో ఆడపిల్లల మరుగుదొడ్లు రెండుంటే, ఒకటి టీచర్లకని తాళం వేశారు. రెండోదానికి గడియ లేదు. ఒక పిల్ల లోపలికెళితే ఇంకో పిల్ల బయట నిలబడి తలుపు లాగి పట్టుకోవాలి. ఇంటర్వెల్ అయ్యేలోపే కుళాయిలో నీళ్లు ఆగిపోతాయి. అందుకే నేను నింపిచ్చిన సీసా సాయంత్రం నిండుగానే ఇంటికొస్తుంది. సంచి భుజాన ఉండగానే పాప బాత్రూంలోకి పరిగెడుతుంది.

ఇలా ఉండగా పాపకి చలిజ్వరం, మూత్రంలో మంట. తగ్గిందనుకునేలోపే మళ్లీ. చివరికి స్కాన్ తీసి, కుడి కిడ్నీ మీద మచ్చ పడిందన్నారు. ఆ మచ్చ ఇక పోదట. బీపీ పెరగకుండా, మూత్రంలో ప్రొటీన్ పోకుండా ఏళ్ల తరబడి కనిపెట్టుకుని ఉండాలట. నీళ్లు తాగకపోవడం, మూత్రం బిగబట్టడం, దానికి మలబద్ధకం తోడైతే ఇన్‌ఫెక్షన్ తిరగబెడుతూనే ఉంటుందని డాక్టరమ్మ చెప్పారు. మూత్రం వెనక్కి కిడ్నీలోకి తన్నే లోపం కొందరికి పుట్టుకతోనే ఉంటుందట, వాళ్లకి మరీ ప్రమాదం. అది ఏ పిల్లకుందో బడిలో ఎవరికి తెలుసు?

ఆడపిల్లలకు వేరే మరుగుదొడ్డి ఉండాలని 2009 విద్యాహక్కు చట్టంలోనే రాశారు. అర్జీలు ఇస్తే ఫండ్ రాలేదమ్మా అంటారు. తల్లులమే తలాకాస్త వేసుకుని గడియ కొనిస్తే, బిగించడానికి పర్మిషన్ లేదన్నారు. గడియకి కూడా పర్మిషన్ కావాలా అయ్యా?

2021 నుంచి మక్కళై తేడి మరుత్తువం అని, ఇంటి దగ్గరికే వైద్యం తెచ్చే సర్కారు పథకం కింద పెద్దవాళ్లకి బీపీ చూస్తున్నారు. మా అత్తగారికి అందుతోంది, మీకు పుణ్యముంటుంది. మూడేళ్లు దాటిన పిల్లలకీ ఏడాదికోసారి బీపీ చూడాలని పిల్లల డాక్టర్లు చెబుతారు. మా బడికొచ్చే టీం కళ్లు, పళ్లు, బరువు చూసి వెళ్లిపోతుంది. మాటిమాటికీ జ్వరమొచ్చే పిల్లలకి, నెల తక్కువ పుట్టినవాళ్లకి, పొద్దున్నే ముఖం ఉబ్బేవాళ్లకైనా ప్రొటీన్ పోతోందేమో మూత్రంలో పరీక్ష పట్టీ ముంచి చూడొచ్చు కదా, రెండు నిమిషాల పని. ఆరోగ్యమంత్రిగారితో మాట్లాడండి, దయచేసి.

తాళం తీయించండి. గడియ పెట్టించండి, రోజూ కడిగే మనిషినివ్వండి. క్లాసు మధ్యలో అడిగినా పంపమని టీచర్లకు చెప్పండి. తనిఖీకి మాత్రం ముందుగా కబురు పెట్టకుండా రండి. కబురందితే ఆ ఒక్కరోజు ఫినాయిల్ చల్లుతారు. ఇంటర్వెల్ అయ్యాక వచ్చి, ఆ తలుపు మీరే తీసి చూడండి.

ఇట్లు,
చెన్నై వ్యాసర్పాడి నుంచి ఒక తల్లి