డి5 బంటును వెంటనే కొట్టొద్దు

బైరాగిపట్టెడ,
తిరుపతి.

అమ్మణ్ణీ,

ఆదివారం హాస్టల్‌కి వచ్చినప్పుడు నాన్న చేతికి నువ్విచ్చిన చెస్ స్కోర్ షీట్ చూశాను. పది ఎత్తులకే ఆట అయిపోయిందని అన్నం కూడా సరిగా తినలేదట. ఓపెనింగుల, అంటే ఆట మొదట్లో వేసే ఎత్తుల, పుస్తకం ఏదైనా పంపమన్నావట. పంపను. ఇంటర్ పుస్తకాలకే నీ పెట్టెలో చోటు లేదు. నేనూ తాతా ఆ ఆట మొత్తం బోర్డు మీద పెట్టి చూశాం. మొదటి నాలుగు ఎత్తులకు వంక పెట్టడానికేం లేదు. చెడింది ఐదో ఎత్తు దగ్గర.

బోర్డు ముందర పెట్టుకుని చదువు. నీ షీట్‌లో లాగే గళ్ల పేర్లు రాస్తున్నా, అక్షరం నిలువు వరసది, అంకె అడ్డ వరసది. తెల్లపావులతో ఆడిన ఆ అమ్మాయి రాజు ముందరి బంటును ఈ4కి తోసింది, నల్లపావులతో నువ్వూ ఈ5కి తోశావు. తన గుర్రం ఎఫ్3కి వచ్చి నీ బంటు మీద కన్నేస్తే, నువ్వు సి6లో గుర్రం పెట్టి కాపాడుకున్నావు. తన బిషప్ సి4కి వచ్చింది. ఇంతవరకు మామూలు ఇటాలియన్ ఓపెనింగ్. అప్పుడు నువ్వు రెండో గుర్రాన్ని ఎఫ్6కి దించావు. దీన్ని టూ నైట్స్ డిఫెన్స్ అంటారు. ఈ4 బంటు మీదికి పోయే మంచి ఎత్తు. కానీ దానివల్ల ఒక తలుపు తెరుచుకుంటుంది, ఆ సంగతి నీకెవరూ చెప్పినట్టు లేదు.

నీ మంత్రి డి8లో ఉంది కదా. అక్కడి నుంచి ఈ7, ఎఫ్6, జి5 మీదుగా ఏటవాలుగా దారి ఉంది. మూడో ఎత్తులో నువ్వు బిషప్‌ను సి5కి తెచ్చి ఉంటే వాళ్ల గుర్రం జి5కి వచ్చే సాహసం చేయదు. వస్తే మంత్రి ఊరికే తినేస్తుంది. నీ గుర్రం ఎఫ్6లో నిలబడేసరికి మంత్రికి ఆ దారి మూసుకుపోయింది. అందుకే ఆ పిల్ల నాలుగో ఎత్తుకే గుర్రాన్ని జి5లోకి దూకించింది. ఇప్పుడు ఎఫ్7 బంటు మీద ఆ గుర్రం, సి4 బిషప్ రెండూ గురిపెట్టాయి. కాపలా ఉన్నది రాజు ఒక్కడే.

నువ్వు డి5 తోసి బిషప్‌కు అడ్డం పెట్టావు. శభాష్, అదే సరైన ఎత్తు. తను ఆ బంటును కొట్టింది. ఇక నీ చెయ్యి ఆగలేదు, గుర్రంతో తిరిగి కొట్టేశావు. షీట్‌లో ఆ ఎత్తు రాసిన చోట పెన్సిల్ గీత దాటి కింది వరసలోకి జారిపోయింది. ఎంత తొందరగా రాశావో అది చూస్తేనే తెలుస్తోంది.

ఆ తర్వాత జరిగింది నీకు తెలిసిందే. వాళ్ల గుర్రం ఎఫ్7ను కొట్టి బలైంది, నీ రాజు దాన్ని తిన్నాడు, వాళ్ల మంత్రి ఎఫ్3కి వచ్చి చెక్. వెనక్కి పోతే భద్రమనుకుని రాజును జి8కి తీసుకుపోయావు. బిషప్ డి5 గుర్రాన్ని కొట్టి చెక్. నీ మంత్రి బిషప్‌ను తింటే వాళ్ల మంత్రి నీ మంత్రిని తిని మళ్లీ చెక్. ఈ6లో బిషప్‌ను అడ్డం పెట్టావు, దాన్నీ తిని మేట్, ఆట కట్టు. రాజును ఈ6కి, అంటే ముందుకు, నడిపి ఉంటేనే డి5 గుర్రం దక్కేది. అది కూడా కొద్దిసేపే. సి3లోకి ఇంకో గుర్రం వచ్చి దాని మీద పడుతుంది. వెనకే రాజు ఉన్నాడు కాబట్టి అది కదల్లేదు. నడిబోర్డులో రాజును పెట్టుకుని బతకడం మనలాంటివాళ్ల వల్ల కాదులే.

దీని పేరు ఫ్రైడ్ లివర్. 1600 ప్రాంతంలో, ఇటలీలో పొలేరియో అనే ఆయన కాలం నుంచీ ఉన్నదే. నాలుగు వందల ఏళ్లుగా జనం ఇందులో పడుతూనే ఉన్నారు, నువ్వేం కొత్తగా పడలేదు.

మరి బంటును కొట్టకుండా ఏం చేయాలి? సి6 గుర్రాన్ని ఎ5కి తీసుకుపో. అంచున నిలబడిన గుర్రం దండగ అని చిన్నప్పుడు నీకు చెప్పింది నేనే. ఇక్కడ ఆ మాట పక్కన పెట్టు. ఎఫ్7ను నమిలేస్తున్నది సి4 బిషప్. ముందు దాన్ని తరమాలి. అది బి5కి పోయి చెక్ అంటుంది. సి బంటును సి6కి తోసి అడ్డం పెట్టు. డి5 బంటు దాన్ని కొడుతుంది, నువ్వు బి బంటుతో కొట్టు. బిషప్ ఈ2కి పరుగెత్తుతుంది. హెచ్6 తోస్తే గుర్రం ఎఫ్3కి వెనక్కి పోతుంది. ఈ4 తోస్తే మళ్లీ లేచి ఈ5కి పోవాల్సిందే. అప్పుడు నీ బిషప్ డి6కి వచ్చి దాన్నే అడుగుతుంది. నీకు ఒక బంటు తక్కువ, ఎ, సి బంటులు రెండూ ఒంటరివే, ఎ5 గుర్రం కూడా చాలాసేపు పక్కనే కూర్చుంటుంది. కాదనను. కానీ అవతల చూడు, ఒక గుర్రం, ఒక బిషప్ తప్ప ఇంకే పావూ నిద్ర లేవలేదు. నేనైతే కళ్లు మూసుకుని నల్లవైపే తీసుకుంటా.

జి5 ఎత్తును టారాష్ అనే జర్మన్ మాస్టర్ చేతకానివాళ్ల ఎత్తు అని ఈసడించాడు. అది మరీ ఎక్కువ. అమెరికన్ ఆటగాడు ఫిషర్ 1963లో తన దేశపు మాస్టర్ బిస్‌గయర్ మీద ఇదే ఆడాడు. తొమ్మిదో ఎత్తులో గుర్రాన్ని ఎఫ్3కి బదులు హెచ్3కి తీసుకుపోయి, గెలిచాడు కూడా. అది మొదటి ప్రపంచ చాంపియన్ స్టెయినిట్జ్ పాత ఆలోచన. నీ హాస్టల్లో ఎవరైనా హెచ్3 ఆడితే భయపడకు, ఆశ్చర్యపోయి నాకు రాయి.

తాతకు మాత్రం ఇదంతా నచ్చలేదు. "ఎఫ్7 పోతే పోనీ, బిషప్‌ను సి5లో పెట్టి మనమే వాళ్ల ఎఫ్2 మీద పడదాం" అంటాడు. నాలుగో ఎత్తులో డి5కు బదులు ఆడే ఇది, చెక్ దేశపు కేథలిక్ ఫాదర్ ట్రాక్స్‌లర్ 1890లో ఆడిన పద్ధతి. ప్రకాశం పార్కులో రిటైరైన స్నేహితుల మీద తాత దీంతోనే గెలుస్తుంటాడు. వాళ్లు ఆశపడి గుర్రంతో ఎఫ్7 తింటారు కాబట్టి సరిపోతోంది. తెలిసినవాళ్లు బిషప్‌తో తిని చెక్ ఇస్తారు. రాజు ఈ7కి పోతాడు, ఒక బంటు పోతుంది, క్యాస్లింగ్ (ఏనుగు సాయంతో రాజును పక్కకు దాచుకునే ఎత్తు) కూడా పోతుంది. టోర్నమెంట్‌లో నువ్వు ఆడొద్దు. ఈ మాట తాతకు చెప్పకు.

నిజానికి బాగా ఆడేవాళ్లు చాలామంది నాలుగో ఎత్తులో జి5 జోలికే రారు. డి3 తోసి నెమ్మదిగా ఆడతారు. అప్పుడు నీకూ టెన్షన్ లేదు, బిషప్‌ను బయటికి తెచ్చి క్యాస్లింగ్ చేసుకో.

దసరా సెలవులకు వచ్చేటప్పుడు రేణిగుంటలోనే దిగు. బ్రహ్మోత్సవాల జనంలో తిరుపతి స్టేషన్ నుంచి బయటపడటం కష్టం, నాన్న స్కూటర్ మీద అక్కడికే వస్తాడు. తెల్లపావులతో ఆడిన షీట్లు కూడా తీసుకురా. అవి ఒక్కటీ పంపలేదంటే నువ్వూ అందరి మీదా గుర్రాన్ని జి5కి దూకిస్తున్నావేమోనని తాత అనుమానం.

అమ్మ